ఆర్, ఆర్, ఆర్, ఎస్

ఫోను మోగేసరికి నేను
డిపోలో రెండో కప్పు టీ దగ్గరున్నాను.
బెవర్లీ. ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్ నర్సు.
'లవ్' అని పిలిస్తే మామూలు కబురు,
'సువర్చలా' అని పూర్తి పేరు పలికిందంటే
కల్చర్ రిపోర్టు వచ్చినట్టు.
ఇవాళ పూర్తి పేరే.

ఈ ఏడాదిలో నాలుగోసారి.

షెఫీల్డ్ అంతా ఎత్తులూ పల్లాలే.
బస్సు దిగుడులోకి వాలినప్పుడల్లా
కుడివైపు పొత్తికడుపులో, సీటుబెల్టు కింద
అతను సర్దుకుని కూర్చున్నట్టుంటుంది.
అతని గురించి నాకు చెప్పింది రెండే ముక్కలు:
మగవాడు, నలభై ఒకటేళ్ళు.
మిగతాది నేనే కల్పించుకున్నాను,
టీలో మూడు చెంచాల పంచదార వేసుకునేవాడని,
వానలో గొడుగు పట్టేవాడు కాదని.

అతను నాలో ఉండాలంటే
నా కాపలా కుక్కల్ని కట్టెయ్యాలి.
పొద్దున ఏడింటికి, రాత్రి ఏడింటికి
టాక్రోలిమస్ గొలుసు.
కొత్త మనిషిని కరవకూడదు గదా.
దొంగ గోడ దూకి రాలేదు,
నా పేగుల్లోనే, నేను తిన్నదే తిని పెరిగింది.
ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని
ఊరికే అన్నారా?

బెవర్లీ చదువుతోంది,
నేను టికెట్ కాగితం వెనక రాసుకుంటున్నాను.
ట్రైమెథోప్రిమ్, ఆర్.
నైట్రోఫ్యురాంటోయిన్, ఆర్.
సిప్రోఫ్లోక్సాసిన్, ఆర్.
ఆర్ అంటే ఏమిటని మొదటిసారి అడిగాను.
ఇప్పుడు అడగను.
జెంటామైసిన్, ఎస్.
ఒక్క క్షణం ఊపిరి.
"కానీ అది వద్దంటున్నారు డాక్టర్ హాల్‌స్టెడ్.
క్రిమినీ చంపుతుంది, అతన్నీ దెబ్బతీస్తుంది."
'అతన్ని' అని బెవర్లీ అనలేదు. 'కిడ్నీని' అంది.
తర్జుమా నాది.

క్రియాటినిన్ నూట ముప్పై నుంచి నూట తొంభై.

నెల్లూరులో మా వీధి చివర మందుల షాపు.
దగ్గూ జ్వరం అంటే చాలు,
చీటీ లేదు, ప్రశ్న లేదు,
స్ట్రిప్పులోంచి నాలుగు గోళీలు
కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు.
రెండు మింగితే జ్వరం దిగేది.
మిగతా రెండూ బోర్నవిటా డబ్బాలోకి,
ఇంట్లో ఇంకొకరి జ్వరం కోసం.
నేను మర్చిపోయిన ఆ పేర్లన్నీ
అవి మర్చిపోలేదేమో.

పోయినసారి డాక్టర్నే అడిగాను.
అవునని కాదు, కాదని కాదు, అలా తలూపింది.
"అదొక్కటే అని చెప్పలేం.
డయాలసిస్ రోజుల్లో మేమిచ్చినవీ ఉన్నాయి.
డ్రైవరువి, గంటలు గంటలు ఆపుకుంటావు, అదీ ఉంది."
టెర్మినస్‌లో మరుగుదొడ్డికి తాళం.
తాళంచెవి ఎవరి దగ్గరుందో
రెండేళ్ళుగా ఎవరికీ తెలీదు.

ఇక మిగిలింది ఎర్టాపెనెమ్.
పది రోజులు, రోజుకొకసారి, నరంలోకి.
రేపట్నుంచి ఇంటికే వచ్చి ఎక్కిస్తారట.
"దీని తర్వాత?" అన్నాను.
అటువైపు ఏవో కాగితాలు సర్దిన చప్పుడు.
"దీని తర్వాత సంగతి దీని తర్వాత, లవ్."

లవ్ అంది.

ఫోను పెట్టేశాక గ్యారెత్ వచ్చాడు, ఎర్రటి ముక్కుతో.
"నీ దగ్గర ఎప్పుడూ ఉంటాయిగా యాంటీబయాటిక్స్,
రెండు పడెయ్. జలుబు చంపేస్తోంది."
నవ్వొచ్చింది. ఆ వెంటనే పోయింది.
ఎక్కడో బోర్నవిటా డబ్బా మూత ఊడిన చప్పుడు.
"జలుబుకి అవి పనిచెయ్యవు.
నాకేమో అవి పనిచెయ్యాలి" అన్నాను.
సగమే అర్థమైనట్టుంది.
నా ఫ్లాస్కులోంచి మిరియాల కషాయం పోసిచ్చాను.
ఒక్క గుక్కకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

రెండు లీటర్ల సీసా నింపుకున్నాను.
బండెక్కబోయి, వెనక్కి తిరిగి
డిపో మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాను.
బస్సు మూడు నిమిషాలు ఆలస్యం.
మొదటి స్టాపులో ఎవరో
చేతిగడియారం వేలితో కొట్టి చూపించారు.
చూపించనీ.